మా ఎందుకమ్మ, మా ఆయన పైపు

మా చెల్లెల్ని ఇంట్లో ఎవరూ పేరు పెట్టి పిలవం. ఎందుకమ్మ అంటాం. చిన్నప్పుడు నేను పెట్టిన పేరే. స్నానం చెయ్యవే అంటే ఎందుకు, పడుకోవే అంటే ఎందుకు, కాసేపు నోరు ముయ్యవే తల్లీ అంటే దానికీ ఎందుకు. దీన్ని కట్టుకునేవాడి గతేమిటని అమ్మ తెగ బెంగపడేది. తీరా చూస్తే మా మరిది పదిసార్లు అడిగినా విసుక్కోని మనిషి, ఇద్దరికీ బ్రహ్మాండంగా కుదిరింది. అసలు వింత ఏమిటంటే, ఎందుకు అని అడిగినందుకు జీతమిచ్చే ఉద్యోగం ఒకటి లోకంలో ఉందట. అది వెతుక్కుంటూ వచ్చి దీనికే తగులుకుంది.

పెద్దాసుపత్రిలో రెండో అంతస్తు, వెనక వైపు గది. చేసేది మెడికల్ కోడింగు. నాకు అర్థమైనంతలో చెప్తాను. రోగి ఇంటికెళ్లిపోయాక అతని ఫైలు వీళ్ల కంప్యూటర్లోకి వస్తుంది. జ్వరానికో నంబరు, విరిగిన ఎముకకో నంబరు, చేసిన ఆపరేషనుకో నంబరు. డాక్టర్లూ నర్సులూ రాసిందంతా చదివి ఆ నంబర్లు వెయ్యాలి. వాటిని బట్టే ఇన్సూరెన్సు వాళ్లు సరేననడం, కాదనడం. ఆ గదిలో ఏసీ ఎంత చల్లగా ఉంటుందంటే, మండుటెండల్లో కూడా మా ఎందుకమ్మ స్వెట్టరేసుకుని పనికెళ్తుంది. దాని ముందు రెండు స్క్రీన్లు, పక్కన టీ ఫ్లాస్కు, నడుం వెనక నేను కుట్టిచ్చిన దిండు. పొద్దస్తమానం రోగుల గురించే చదువుతుంది, ఒక్క రోగి మొహం మాత్రం చూడదు.

దాని ఉద్యోగమంతా 'వల్ల' అనే మాట మీద నడుస్తుందట. ఒకసారి మా ఇంట్లో టీ తాగుతూ విడమర్చి చెప్పింది. మూత్రం పైపు వేసుకున్న మనిషికి ఇన్ఫెక్షను వచ్చిందనుకో. డాక్టరు 'పైపు ఉంది, ఇన్ఫెక్షను ఉంది' అని రాస్తే ఒక నంబరు. 'పైపు వల్ల ఇన్ఫెక్షను' అని రాస్తే ఇంకో నంబరు. పైపు వల్లేనని గుడ్డివాడికి కూడా తెలుస్తుంది కదే, వేసి పారెయ్యక అన్నాను. నాకు తెలిస్తే చాలదు, వాళ్లు రాయాలి అంది. అందుకని డాక్టర్లకి చీటీలు పంపిస్తుంది. ఈ పైపు ఎందుకు వేశారు, ఈసారి మీరే వేశారా, వచ్చేటప్పుడే ఉందా, ఇంకా ఎన్నాళ్లు ఉంచాలి, దయచేసి రాయండి అని. లిఫ్టులో ఇది కనిపిస్తే కొంతమంది డాక్టర్లు మెట్లెక్కి పోతారట. వాళ్లూ దీన్ని ఎందుకమ్మ అనే అంటున్నారని తెలిసిన రోజు నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఒట్టు, నేను చెప్పలేదు. వాళ్లంతట వాళ్లే పెట్టుకున్నారు.

ఇక మా ఆయన సంగతి. సిటీ బస్సు డ్రైవరు. ఊరికి ఈ చివర డిపో, ఆ చివర కాలనీ, మధ్యలో పెద్దాసుపత్రి. చెల్లి రోజూ ఆ బస్సులోనే పనికెళ్లేది, ముందు సీట్లో కూర్చుని బావని ప్రశ్నలతో చంపుతూ. ఆయన మంచి మనిషే, కాదనను. కానీ ఆ మొహమాటం ఉంది చూశారూ, దాన్ని తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది. చల్లారిపోయిన టీ ఇచ్చినా బాగుందండీ అంటాడు. క్షవరం చేసేవాడు చెవి తెగ్గోస్తే ఫర్వాలేదులే బాబూ అని వాడినే ఓదార్చి వచ్చాడు. నోట్లో నాలుక లేని మనిషితో ఇన్నేళ్లు కాపురం చేశాను, నా నాలుక ఇంత పొడుగవడంలో ఆశ్చర్యమేముంది?

ఆ మహానుభావుడు డిపోలో బస్సులు కడిగేచోట జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషను చేశారు. ఆపరేషనయ్యాక మూత్రం రావడం లేదని పైపు వేశారు. ఆ పైపుతోనే, కాలికి కట్టిన సంచితోనే ఇంటికొచ్చాడు. ఎముక అతుక్కుంది. చేతికర్ర వదిలేశాడు, మెట్లెక్కాడు, మార్కెట్టుకెళ్లి సంచులు మోసుకొచ్చాడు. పైపు మాత్రం అలాగే ఉండిపోయింది. నెలకోసారి ఆసుపత్రి తరఫున నర్సమ్మ ఇంటికొచ్చి పాతది తీసి కొత్తది వేసి వెళ్లేది. నాది బట్టలు కుట్టే షాపు కదా, ఆయన ప్యాంట్లన్నిటికీ కాలి లోపలి వైపు సంచి పట్టేంత జేబులు కుట్టాను. బయటికి ఇసుమంతైనా కనిపించదు. కుట్టు బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

పైపు ఉన్నవాడికి స్టీరింగు ఇవ్వరు. డిపోలో ఆయన్ని పాసులిచ్చే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. బస్సులు బయటికి వెళ్లే గేటు సరిగ్గా ఆ కిటికీకి ఎదురుగా ఉంటుంది. తన బస్సు ఇంకొకడు తీసుకెళ్తుంటే రోజూ చూస్తూ కూర్చునేవాడు. కొన్నాళ్లకి డిపో మేనేజరు పిలిచి మంచిగానే చెప్పాడట, నెలాఖరు లోపల డ్రైవింగు చెయ్యొచ్చని డాక్టరు దగ్గర్నుంచి కాగితం రాకపోతే ఇక ఎప్పటికీ కిటికీయేనని, రూటు కొత్తవాడికి రాసేస్తామని. ఆ రాత్రి ఈయన మామూలుగా భోంచేసి, మామూలుగా పడుకున్నాడు. నాకే నిద్ర పట్టలేదు. బస్సు లేకపోతే మా ఆయన ఏమైపోతాడో నాకు తెలుసు.

మర్నాడు చెల్లికి ఫోన్ చేశాను. నువ్వు అక్కడే పని చేస్తావు కదే, బావ ఫైలు తెరిచి అసలేం రాశారో చూడమన్నాను. చూడను అంది. ఇంటివాళ్ల ఫైలు ముట్టుకోకూడదట, రూలట. ఎవరికి తెలుస్తుందే అన్నాను. నాకు తెలుస్తుంది కదా అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఊళ్లోవాళ్ల పైపులన్నీ ఎందుకూ ఎందుకూ అని అడుగుతావు, సొంత బావ పైపు దగ్గరికొచ్చేసరికి రూలొచ్చిందా, నువ్వొక చెల్లెలివి, నేనొక అక్కని అని నోటికొచ్చినట్టు తిట్టి ఫోను పెట్టేశాను. అది మాత్రం ఏమీ అనుకోలేదు. ఆ నెల నర్సమ్మ వచ్చే రోజుకి సెలవు పెట్టుకుని, స్వెట్టరు లేకుండా, మా ఇంట్లో ఊడిపడింది. ఫైలు చూడకూడదు గానీ కళ్లెదురుగా ఉన్న మనిషిని చూడొచ్చు కదా అంది.

నర్సమ్మ మంచి పిల్ల. చేతులు శుభ్రంగా కడుక్కుని, గ్లవుజులు వేసుకుని, చకచకా పైపు మార్చేసింది. చెల్లి తలుపు అవతల నిలబడింది. పనయ్యాక అందరం ముందుగదిలో కూర్చున్నాం. నర్సమ్మ ట్యాబ్ తీసి, ఎప్పట్లాగే ఇబ్బందేమైనా ఉందా అంకుల్ అని అడిగింది. మా ఆయన ఎప్పట్లాగే చిరునవ్వు నవ్వి, అలవాటైపోయిందమ్మా అన్నాడు. ఆ పిల్ల టకటకా ఏదో కొట్టింది. అంతే, మా ఎందుకమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇప్పుడేం రాశావమ్మా అని అడిగింది. దాచాల్సిందేముందని ఆ పిల్ల చదివింది. దీర్ఘకాలిక పైపు, రోగికి ఇబ్బంది లేదు, కొనసాగించాలి. దీర్ఘకాలికం అని ఎవరన్నారు అంటే, అంకులే అన్నారు కదా అలవాటైపోయిందని, పోయినసారి కూడా అదే రాసి ఉంది అంది. అంతకుముందు నెల వచ్చిన నర్సు కూడా అదే రాసిందట. చూశారా చోద్యం. మా ఆయన మొహమాటానికి అన్న మాట ఆసుపత్రికి చేరేసరికి దీర్ఘకాలిక జబ్బై కూర్చుంది.

చెల్లి కుర్చీ లాక్కుని బావ ఎదురుగా కూర్చుంది.

"బావా, నిజంగా అలవాటైపోయిందా?"

ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. గోడకేసి చూశాడు, చేతులు చూసుకున్నాడు, నా వైపు మాత్రం చూడలేదు.

"లేదమ్మాయ్. ఒక్కరోజు కూడా అలవాటవలేదు."

ఇక ఆనకట్ట తెగినట్టే. పక్కకి తిరిగి పడుకుంటే లాగుతుందట. బస్సెక్కి నిలబడితే పక్కవాడికి వాసనొస్తుందేమోనని భయమట. పాసుల కిటికీ దగ్గర టీ తాగడం మానేశాడట, సంచి నిండితే అందరి ముందూ లేచి వెళ్లాలని. అన్నీ విని నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. పక్కనే పడుకునే పెళ్లానికి చెప్పడానికేం రోగమండీ అని అరిచాను. నువ్వు అంత బాగా జేబులు కుట్టావు, నొచ్చుకుంటావేమోనని అన్నాడు. ఏం చెయ్యాలి చెప్పండి ఈ మనిషిని.

నర్సమ్మ పాపం మొహం చిన్నబుచ్చుకుని, అప్పటికప్పుడే రాసింది కొట్టేసి, రోగికి ఇబ్బందిగా ఉంది, పైపు అవసరమో కాదో డాక్టరుగారు చూడాలి అని రాసి, అపాయింటుమెంటు కూడా పెట్టించింది. ఆ వారమంతా మా ఇంట్లో రిహార్సల్సు. చెల్లి సాయంత్రం బస్సు దిగి నేరుగా వచ్చేది. అదే డాక్టరు. ఎలా ఉందండీ అనేది. బాగుందండీ అనేవాడు. తప్పు, మళ్లీ. ఇబ్బందేమైనా ఉందా? ఫర్వాలేదండీ. తప్పు, మళ్లీ. నేను కుట్టుమిషను దగ్గర కూర్చుని కత్తెర చూపించేదాన్ని. ఎదుటివాళ్లు అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పడం మా ఆయనకి రివర్సులో బస్సు నడపడం కంటే కష్టమైంది.

డాక్టరు దగ్గర లోపలికి వెళ్లింది నేనూ ఆయనా. చెల్లి బయట బెంచీ మీద కూర్చుంది, దాన్ని చూస్తే డాక్టరు మెట్లెక్కి పారిపోతాడని. మూత్రాల డాక్టరు పెద్దాయన, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఎలా ఉందండీ అని అడిగాడు. మా ఆయన 'అలవా...' అని మొదలెట్టాడు. నేను టేబులు కింద కాలు తొక్కాను. వెంటనే దారిలోకొచ్చాడు.

"డాక్టరుగారూ, ఈ పైపు నాకు ఎందుకండీ?"

పెద్దాయన స్క్రీను వైపు తిరిగాడు. పైకీ కిందకీ చాలాసేపు చూశాడు. కళ్లజోడు దించి, మంచి ప్రశ్న అడిగారండీ అన్నాడు. ఎముకల డాక్టర్లేమో మూత్రాల వాళ్లు చూసుకుంటారనుకున్నారట, వీళ్లేమో ఇంటికొచ్చే నర్సు చెప్తుందనుకున్నారట. ఉంది అని అందరం రాశాం, ఎందుకు అని ఎవరం రాయలేదు అన్నాడు. నాకు గబుక్కున తిట్టు నోటిదాకా వచ్చింది గానీ, తప్పు తప్పని ఒప్పుకున్న మనిషిని ఏమంటాం. ఆపరేషనప్పుడు మత్తు వల్లా, ఉబ్బిన ప్రోస్టేటు గ్రంథి వల్లా మూత్రం ఆగి ఉండొచ్చట. కొన్నాళ్లు మాత్రలు వాడి, ఆ తర్వాత పైపు తీసి చూద్దామన్నాడు. సొంతంగా వస్తే సరే. రాకపోతే మళ్లీ వెయ్యక తప్పదు, కొంతమందికి అది నిజంగానే జీవితాంతం కావాల్సి వస్తుంది, ఆశ పెట్టుకోండి గానీ మరీ పెట్టుకోకండి అని కూడా చెప్పాడు. పైపు తీసే రోజు నెలాఖరుకి కాస్త ముందు పడింది. ఇక అటో ఇటో ఆ రోజే తేలాలి.

ఆ రోజు పొద్దున్నే పైపు తీసేశారు. గ్లాసులకి గ్లాసులు నీళ్లు తాగించారు. వార్డులో ఆరు మంచాలు, చివర ఒక బాత్రూము. తాగడం, వరండాలో తిరగడం, బాత్రూములోకి వెళ్లడం, ఉత్త చేతులతో బయటికి రావడం. నాకు కాలుగాలిన పిల్లి అవస్థ. మధ్యాహ్నమయ్యేసరికి ఆయన పొట్ట బిగుసుకుపోయి, నుదుటి మీద చెమటలు. నాలుగు చుక్కలొచ్చాయి. వార్డు నర్సు పొట్ట మీద మిషను పెట్టి చూసి పెదవి విరిచింది. లోపలంతా నిండుగా ఉంది, ఇంకొక్కసారి వెళ్లి చూడండి, రాకపోతే పైపు వేసేస్తాం, ఇంతకన్నా ఆగకూడదు అంది. ఆవిడ అప్పుడే కొత్త పైపు ప్యాకెట్టు ట్రేలో పెట్టుకుంది. మా ఆయన ప్యాకెట్టు వైపు చూసి, సరేలే, అన్నాడు. ఆ సరేలే విన్నాక నాకు దేవుడి మీద కూడా కోపమొచ్చింది.

అప్పుడు దిగింది మా ఎందుకమ్మ, భోజనం గంటలో, స్వెట్టరుతో. ఇన్నేళ్లుగా వార్డుల గురించి చదివింది గానీ వార్డు ఎటుందో తెలియక రెండు అంతస్తులు తిరిగొచ్చిందట. సంగతి చెప్పాను. బాత్రూము తలుపు దగ్గరికెళ్లి, బావా, డ్యూటీలో ఉన్నప్పుడు నువ్వు ఎక్కడికెళ్లేవాడివి అని అడిగింది. లోపల్నుంచి నీరసంగా, చివరి స్టాపులో టీకొట్టు వెనకాల అన్నాడు. మధ్యలో ఎందుకెళ్లేవాడివి కాదు? బస్సు వదిలేసి ఎలా వెళ్తానే, చివరి స్టాపు దాకా ఆపుకోవడమే కదా అన్నాడు. చెల్లి వెంటనే, అయితే బండి తియ్యి బావా అంది.

అని, ఏం చేసిందనుకున్నారు? గొంతెత్తి స్టాపులు పిలవడం మొదలుపెట్టింది. డిపో, రైట్ రైట్. కూరగాయల మార్కెట్టు, దిగేవాళ్లు దిగండి. ఆడపిల్లల స్కూలు. పెట్రోలు బంకు. ఏళ్ల తరబడి ఆ బస్సులో వెళ్లింది కదా, ఒక్క స్టాపు తప్పలేదు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. వార్డులో అందరూ లేచి కూర్చున్నారు. పెద్దాసుపత్రి అనగానే ఒక మంచం మీదావిడ, నువ్వు దిగాల్సింది ఇక్కడే కదమ్మా అంది. ఇవాళ దిగనండీ అని ముందుకెళ్లింది చెల్లి. వంతెన అంటే మూలనున్న ముసలాయన, వంతెన మీద రద్దీగా ఉంటుంది, డ్రైవర్ని తొందరపెట్టకు అన్నాడు. దాంతో కాసేపు ఆగింది. వార్డంతా ఆగింది. నీళ్ల ట్యాంకు. కాలనీ మొదలు. పార్కు మలుపు. వరండాలో వెళ్తున్న మూత్రాల డాక్టరు గుమ్మం దగ్గర నిలబడిపోయాడు, చెల్లిని చూసి కూడా పారిపోలేదు.

"చివరి స్టాప్. బండి ఇక్కడాగుతుంది. అందరూ దిగండి. డ్రైవరుగారూ, మీరూ దిగండి."

తర్వాత వినిపించింది. ముందు సన్నగా, ఆగి ఆగి. ఆ తర్వాత ధారగా. నాకు నమ్మకం కలగలేదు. ఏమండీ, అది కుళాయా అని అడిగాను.

"కుళాయి కాదే, నేనే," అన్నాడు లోపల్నుంచి. ఆ గొంతులో అంత గర్వం మా పెళ్లిలో కూడా లేదు.

నేను బావురుమన్నాను. ముసలాయన చప్పట్లు కొట్టాడు. నర్సు మళ్లీ మిషను పెట్టి చూసి, లోపల మిగిలింది కొంచెమేనని, ట్రేలో ప్యాకెట్టు తీసి అల్మరాలో పెట్టేసింది. డాక్టరు లోపలికొచ్చి చెల్లితో, ఈసారి కారణం నేను రాస్తానమ్మా, పైపు ఎందుకు వేశామో, ఎందుకు తీశామో రెండూ రాస్తాను, చీటీ పంపకు అన్నాడు. ఈ ఫైలు నా దగ్గరికి రాదండీ, పక్క టేబులావిడకి వెళ్తుంది, ఆవిడ నాకంటే గట్టిది అంది చెల్లి. ఇప్పుడెలా ఉందండీ అని నర్సు మా ఆయన్ని అడిగింది. బాగుం అని మొదలుపెట్టాడు. చెల్లీ నేనూ ఒక్కసారే చూశాం. మంటగా ఉందండీ, కాళ్లు లాగుతున్నాయి, ఆకలేస్తోంది, ఆ మంచం మీద పరుపు అస్సలు బాగాలేదు అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నా పెళ్లయ్యాక ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి ఫిర్యాదులు అవి. ముద్దొచ్చాడు.

ఆ సాయంత్రమే ప్యాంట్లన్నీ ముందేసుకుని జేబుల కుట్లు విప్పాను. అంత గట్టిగా ఎందుకు కుట్టానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. డాక్టరు ఇంకోసారి చూసి కాగితమిచ్చాడు, అది నెలాఖరుకి ముందే డిపోకి చేరింది.

మొదటి రోజు డ్యూటీకి నేను షాపు మూసేసి బస్సెక్కాను. చెల్లి ముందు సీట్లో, స్వెట్టరు ఒళ్లో పెట్టుకుని. పెద్దాసుపత్రి వచ్చింది, అది దిగలేదు. సెలవు పెట్టిందట. చివరి స్టాపులో మా ఆయన ఇంజను ఆపి, టీకొట్టు వెనక్కి నడిచాడు. పోయినవాడు ఎంతకీ రాడే. చెల్లి కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తోంది. చివరికి ప్యాంటు సర్దుకుంటూ, తీరిగ్గా, చేతిలో టీ గ్లాసుతో వచ్చాడు. ఎందుకు బావా ఇంతసేపు అని అడగనే అడిగింది మా ఎందుకమ్మ.

"అలవాటు తప్పింది కదమ్మాయ్," అన్నాడు. ఆ టీ ఒక గుక్క తాగి మొహం చిట్లించి, చల్లారిపోయిందని చెప్పి వెనక్కిచ్చేసి వచ్చి, బండి తీశాడు.